మెదడులో పులి కన్ను, పాండా ముఖం

వంశపారంపర్యంగా వచ్చే మెదడు జబ్బుల్లో చాలావాటికి ఇవాళ్టికీ మందు లేదు. అందుకే ఎంఆర్ఐ స్కానింగులో పాండా ముఖం కనబడితే న్యూరాలజిస్టుకు ప్రాణం లేచొస్తుంది. ఆ ముఖం పట్టిచ్చే జబ్బుకు మందుంది. దాని పేరు విల్సన్ వ్యాధి.

పాండా ఉండేది మెదడు కాండం పైభాగంలో, మధ్య మెదడు అనే చిన్న చోట. దాన్ని అడ్డంగా చూపించే చిత్రంలో జబ్బు పడిన భాగం తెల్లగా మెరుస్తుంది. ఆ తెలుపులో, ఎర్ర కేంద్రకాలని పిలిచే రెండు గుండ్రటి మచ్చలు మాత్రం చెక్కుచెదరక నల్లగా మిగులుతాయి. అవి కళ్లు. వాటికి పైన చెరో పక్కన నల్లటి చెవులు, కింద నల్లటి గడ్డం. కొందరిలో ఇంకాస్త కిందికి, పాన్స్ అనే భాగంలో, ఇంకో బుల్లి పాండా కూడా కనబడుతుంది. జపాన్ వైద్యులు 1991లో ఈ పోలిక గురించి రాశారు. విల్సన్ వ్యాధి ఉన్న ప్రతివారిలో పాండా ఉంటుందనుకోకూడదు, కొద్దిమందిలోనే ఉంటుంది. ఎక్కువమందిలో మార్పులు మెదడు లోతుల్లోని పుటామెన్‌లో కనిపిస్తాయి. కానీ పాండా కనబడిందంటే మాత్రం డాక్టరు వెంటనే రాగి పరీక్షలు రాస్తారు.

రాగి ఎందుకంటే, ఈ జబ్బు అసలు మూలం అదే. మనం తినే తిండిలోని రాగిలో మిగులును కాలేయం పైత్యరసంలోకి నెట్టేస్తుంది. ఆ పని చేసే ఏటీపీ7బీ అనే జన్యువు (13వ క్రోమోజోము మీద ఉంటుంది, 1993లో దొరికింది) తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిపోయి వస్తే రాగి బయటికి పోదు. ముందు కాలేయంలో, తర్వాత మెదడులో, కంటి నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమ, ఆకుపచ్చ కలిసిన వలయంగా పేరుకుంటుంది. 1912లో కిన్నియర్ విల్సన్ ఈ జబ్బును వర్ణించినప్పుడు ఆయనకు రాగి సంగతి తెలియదు. మెదడులో ఒక భాగం కరిగిపోవడం, దాంతోపాటు కాలేయం గట్టిపడిపోవడం, ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి రావడం, ఇంతవరకే ఆయన చూశారు.

ఇంట్లో వాళ్లు చూసేది వేరు. పదో తరగతి చదివే పిల్లాడి చేతిరాత ఉన్నట్టుండి కోడిగీతలవుతుంది. మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది, మార్కులు పడిపోతాయి, చీటికీ మాటికీ కోపం వస్తుంది. బడిలో బద్ధకం అంటారు, ఇంట్లో పొగరంటారు, కొన్నిచోట్ల గాలి సోకిందంటారు. మానసిక వైద్యుడి దగ్గర నెలలు గడిచిపోయిన పిల్లలూ ఉన్నారు. తేల్చుకోవడానికి పెద్ద తతంగమేమీ లేదు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంపుతో వలయం చూస్తారు, రక్తంలో సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రంలో రాగి కొలుస్తారు. 1956లో ఇంగ్లండు వైద్యుడు జాన్ వాల్ష్ పెనిసిల్లమిన్ అనే మందు రాగిని మూత్రంలోకి లాగేస్తుందని చూపించారు. ఆ తర్వాత ట్రయంటిన్, జింకు వచ్చాయి. జీవితాంతం మందు వాడాలి, మధ్యలో మానేస్తే ప్రాణం మీదికొస్తుంది. వేళకు మొదలెడితే స్కానింగులోని తెలుపు చాలామందిలో వెనక్కి తగ్గుతుంది. బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు మూడు దశాబ్దాల్లో తాము చూసిన 282 మంది విల్సన్ రోగుల వివరాలను 2007లో ప్రచురించారు. అంత అరుదైన జబ్బుకు అది చిన్న సంఖ్య కాదు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఒక బిడ్డకు విల్సన్ తేలితే, తోడబుట్టిన ప్రతివారికీ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. వాళ్లు నవ్వుతూ ఆడుకుంటున్నా సరే పరీక్ష చేయించాలి. లక్షణాలు రాకముందే మందు పడిన పిల్లలు దాదాపు అందరిలాగే బతుకుతారు.

నలుపు ఎందుకు, తెలుపు ఎందుకు?

టీ2 అనే రకం ఎంఆర్ఐ చిత్రంలో నీరు ఎక్కువున్న చోటు తెల్లగా, ఇనుము పేరుకున్న చోటు నల్లగా వస్తుంది. మెదడులో కణాలు చచ్చి, వాపొచ్చి, ఖాళీ అయిన చోటికి నీరు చేరుతుంది కాబట్టి అది తెల్లబడుతుంది. కింద వచ్చే బొమ్మల్లో ఎక్కువ భాగం ఈ రెండు సంగతులతోనే అర్థమవుతాయి. సున్నం పేరుకోవడం మాత్రం సీటీ స్కానులో బాగా తెలుస్తుంది. కుటుంబాల్లో వచ్చే మెదడు సున్నపు జబ్బుకు ఇప్పటికీ ముందు తీసేది సీటీనే.

పులి కన్ను

గ్లోబస్ పాలిడస్ అని మెదడు లోపల కుడీ ఎడమా ఒక్కో ముద్ద ఉంటుంది. పీకేఏఎన్ అనే జబ్బులో అందులో ఇనుము చేరి నల్లబడుతుంది, నట్టనడుమ కణాలు పోయిన చోట తెల్లటి మచ్చ పడుతుంది. నల్లటి అంచుల మధ్య మెరిసే కనుపాప, అచ్చం చీకట్లో పులి చూస్తున్నట్టే. 1988లో ఈ గుర్తుకు ఆ పేరొచ్చింది. 2001లో జన్యువు దొరికింది, పేరు పీఏఎన్‌కే2. విటమిన్ బి5ను శరీరం వాడుకోవడానికి కావలసిన ఎంజైమును తయారుచేసేది అదే. ఇది సాధారణంగా ఆరేళ్లలోపే మొదలవుతుంది. పిల్ల నడుస్తూ నడుస్తూ పడిపోవడం, కాళ్లు మెలితిరగడం, నాలుక బిగుసుకుని మాట రాకపోవడం, కొందరిలో చూపు తగ్గడం.

ఈ జబ్బును 1922లో జర్మనీలో హాలర్‌వోర్డెన్, స్పాట్జ్ అనే ఇద్దరు వర్ణించారు. ఒకే ఇంటి అయిదుగురు అక్కచెల్లెళ్ల కథ అది. శవపరీక్షలో వాళ్ల మెదళ్లు కోసి చూస్తే ఆ ముద్దలు తుప్పు రంగులో కనబడ్డాయి. ఆ రోజుల్లో చనిపోయాక మాత్రమే తెలిసే సంగతి, 66 ఏళ్ల తర్వాత బతికున్న బిడ్డ ఫిల్ములో కనబడింది. ఈ విద్య అంతా నాకు అపురూపంగా అనిపించేది ఇందుకే.

చాలాకాలం ఈ జబ్బు ఆ ఇద్దరి పేరుతోనే నడిచింది. ఇప్పుడు నడవడం లేదు. నాజీల కాలంలో వికలాంగులనూ మానసిక రోగులనూ ప్రభుత్వమే చంపించినప్పుడు, అలా చంపిన వాళ్ల మెదళ్లను హాలర్‌వోర్డెన్ తన పరిశోధన కోసం తీసుకున్నాడు. యుద్ధం ముగిశాక ఆ మాట తనే ఒప్పుకున్నాడు. అలాంటి మనిషి పేరు పిల్లల జబ్బుకు ఉండకూడదని వైద్యలోకం దాన్ని తీసేసింది. చాలా సరైన పని.

మరి ఇనుమును తీసేస్తే జబ్బు తగ్గుతుందా? తలసేమియా పిల్లలకిచ్చే డెఫెరిప్రోన్ అనే మందుతో ప్రయత్నించారు. ఫలితాలు 2019లో వచ్చాయి. స్కానులో ఇనుము నిజంగానే తగ్గింది. రోగుల పరిస్థితిలో మాత్రం కచ్చితంగా చెప్పదగ్గ తేడా తేలలేదు. స్కాను బాగుపడినంత మాత్రాన మనిషి బాగుపడినట్టు కాదని డాక్టర్లు పదేపదే అనేది ఇలాంటివి చూసే.

ఇనుము పేరుకునే జబ్బులు ఇంకా ఉన్నాయి. బీపీఏఎన్ అనే దానిలో, టీ1 అనే ఇంకో రకం ఎంఆర్ఐ చిత్రంలో, నల్లటి గీత చుట్టూ తెల్లటి వెలుగు కనబడుతుంది. ఎక్కువగా ఆడపిల్లలకొస్తుంది. చిన్నప్పుడు ఎదుగుదల ఆలస్యం, పెద్దయ్యాక పార్కిన్సన్ లక్షణాలు. ఇంగ్లండులోని కంబ్రియా ప్రాంతపు కుటుంబాల్లో 2001లో గుర్తించిన న్యూరోఫెరిటినోపతీ కూడా ఈ కోవలోదే.

నిప్పు అంచు

ఎక్స్ క్రోమోజోము మీది ఏబీసీడీ1 జన్యువు చెడితే అడ్రినోల్యూకోడిస్ట్రఫీ అనే జబ్బు వస్తుంది. చాలా పొడవైన గొలుసులున్న కొవ్వు ఆమ్లాలు విరగక పేరుకుపోతాయి. తల్లి ద్వారా మగపిల్లలకు వస్తుంది. అందరికీ మెదడు దెబ్బతినదు. దెబ్బతినే పిల్లల్లో అది ఎక్కువగా నాలుగు నుంచి పదేళ్ల మధ్య మొదలవుతుంది. బడిలో కుదురుగా కూర్చోడు, చెప్పింది వినడు, తర్వాత చూపు, వినికిడి తగ్గుతాయి. ఎండ తగలని చోట కూడా ఒంటి రంగు నల్లబడుతుంటే అది అడ్రినల్ గ్రంథి దెబ్బతిన్నదనడానికి గుర్తు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

స్కానింగులో ఏం కనబడుతుందో దగ్గర్నించి చూద్దాం. రెండు అర్ధగోళాలను కలిపే వంతెనకు వెనక చివర స్ప్లీనియం. చాలామంది పిల్లల్లో తెలుపు అక్కడ మొదలై రెండు రెక్కల్లా తల వెనక భాగంలోకి పాకుతుంది. గాడోలినియం మందు ఎక్కించి మళ్లీ తీస్తే, ఆ తెలుపంతా కాకుండా దాని బయటి అంచు మాత్రమే సన్నటి గీతగా వెలుగుతుంది. కోత అయిన పొలంలో వరి కొయ్యకాళ్లకు నిప్పంటించినప్పుడు నడుమ బూడిదై, మంట ముందంచున మాత్రమే ఉంటుంది కదా, అదే తీరు. లోపలిది కాలిపోయిన భాగం, అంచు ఇప్పుడు కాలుతున్న భాగం. అంచు వెలుగుతోందంటే జబ్బు ముందుకు నడుస్తోందని అర్థం.

1994లో డేనియల్ లోస్ ఈ మార్పులకు 34 పాయింట్ల కొలబద్ద తయారుచేశారు. మార్కు ఎంత తక్కువైతే పిల్లాడికి అంత మేలు. తక్కువ మార్కున్నప్పుడు ఎముక మజ్జ మార్పిడి చేస్తే జబ్బు ఆగుతుంది, ఎక్కువయ్యాక చేస్తే ఆగదు. మొదటి విజయవంతమైన మార్పిడి గురించి ఫ్రాన్సు వైద్యులు 1990లో రాశారు. అందుకే న్యూయార్క్ రాష్ట్రం 2013 చివర్లో, పుట్టిన ప్రతి బిడ్డ మడమ రక్తపు చుక్కలో ఈ జబ్బును వెతకడం మొదలెట్టింది. దొరికిన మగపిల్లలకు, లక్షణాలేవీ లేకున్నా, జబ్బు వచ్చే వయసులో ఆరు నెలలకోసారి ఎంఆర్ఐ తీస్తారు. మంట అంటుకున్న తొలి నెలల్లోనే పట్టుకోవాలని. 2022లో అమెరికా అనుమతించిన జన్యు చికిత్సకు కూడా ఇదే గడువు. దాని తర్వాత కొందరు పిల్లలకు రక్త క్యాన్సర్ రావడంతో ఇప్పుడు ఆచితూచి వాడుతున్నారు.

ఈ జబ్బు మీద 1992లో లోరెంజోస్ ఆయిల్ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. ఆ నూనెను పట్టుదలతో సాధించిన తల్లిదండ్రులు నిజం మనుషులు, అగస్టో, మిఖేలా ఒడోన్. వాళ్ల కొడుకు లోరెంజో ఎంతోకాలం బతకడని డాక్టర్లు చెప్పినా 30వ పుట్టినరోజు మర్నాడు, 2008లో కన్నుమూశాడు. అయితే మెదడులో మొదలైన జబ్బును ఆ నూనె ఆపలేదని తర్వాత తేలింది.

మేనరికం మాట

విల్సన్, పీకేఏఎన్ లాంటివి రావాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా అదే జన్యువు చెడి ఉండాలి. ఇద్దరికీ ఏ జబ్బూ ఉండదు, వాళ్లు వాహకులు. బావామరదళ్ల పెళ్లిలో ఇద్దరి జన్యువుల్లో ఎనిమిదో వంతు, మేనమామ–మేనకోడళ్ల పెళ్లిలో నాలుగో వంతు ఉమ్మడివి. తెలుగునాట తరతరాలుగా నడుస్తున్న సంబంధాలివి, ఆస్తి బయటికి పోకూడదని, పిల్ల కళ్లెదుట ఉండాలని చేసుకున్నవి. మేనరికంలో పుట్టిన బిడ్డలందరికీ జబ్బులొస్తాయనడం తప్పు, ఎక్కువమంది ఆరోగ్యంగానే ఉంటారు. కానీ వంశంలో ఇలాంటి జబ్బు ఒకసారి తేలాక కళ్లు మూసుకుని ఇంకో మేనరికం చేయడం ప్రమాదం. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీలో, నిమ్స్ వైద్య జన్యుశాస్త్ర విభాగంలో ఇలాంటి కుటుంబాలకు పరీక్షలు, సలహా దొరుకుతాయి.

ఉమ్మడి రక్తం మేనరికం వల్లే రానక్కర్లేదు. కులంలోనే పెళ్లిళ్లు చేసుకోవడం వల్లా వస్తుంది. ఉత్తరాది అగర్వాల్ కుటుంబాల్లో, పసితనంలోనే తల బాగా పెద్దదయ్యే పిల్లల్ని ముంబైలో డాక్టర్ భీమ్ సింఘాల్ బృందం గుర్తించింది. స్కానింగులో తెల్ల పదార్థమంతా ఉబ్బిపోయి, కణతల దగ్గర నీటి తిత్తులు. చిత్రం చూస్తే పిల్లాడు మంచం దిగలేడనిపిస్తుంది, ఎదురుగా చూస్తే నడుచుకుంటూ వస్తాడు. నెదర్లాండ్స్‌లో మార్యో వాన్ డర్ నాప్ 1995లో వర్ణించిన జబ్బూ ఇదే, పేరు ఎంఎల్‌సీ. అగర్వాల్ పిల్లల్లో ఎక్కువమందికి జన్యువులో ఒకే చోట ఒకే మార్పు కనబడుతుంది, అంటే ఏదో ఒక పూర్వీకుడి నుంచి వచ్చింది.

చదునైన గోడ

మెదడు మధ్యలో నీటి గదులుంటాయి. కాడేట్ అనే కేంద్రకం ఆ గది పక్క గోడను లోపలికి ఉబ్బిస్తుంది. హంటింగ్టన్ వ్యాధిలో కాడేట్ కుంచించుకుపోయి ఆ ఉబ్బు పోతుంది, గోడ చదునై గది డబ్బా ఆకారంలోకి వస్తుంది. 1872లో 22 ఏళ్ల జార్జ్ హంటింగ్టన్ దీన్ని వర్ణించాడు. తాత, తండ్రి కూడా ఒకే ఊళ్లో వైద్యులు కాబట్టి మూడు తరాల రోగుల వివరాలు అతని చేతిలో ఉన్నాయి. వెనిజులాలోని మరకైబో సరస్సు ఒడ్డున పల్లెల్లో ఈ జబ్బు కుటుంబాలు ఎక్కువ. వాళ్లిచ్చిన రక్తంతోనే 1983లో 4వ క్రోమోజోము మీద దాని జాడ, 1993లో జన్యువు దొరికాయి. ఆ పనికి ముందు నిలబడ్డ నాన్సీ వెక్స్లర్ తల్లి ఈ జబ్బుతోనే పోయింది. తనకూ వచ్చిందని నాన్సీ 2020లో బయటపెట్టారు.

జన్యువు ఉండి ఇంకా ఏ లక్షణమూ లేని వాళ్లను ఏళ్ల తరబడి స్కాన్ చేస్తే, జబ్బు బయటపడడానికి పదేళ్లకు పైగా ముందే కాడేట్ తగ్గడం మొదలవుతుందని తేలింది. మందు లేని జబ్బును అంత ముందుగా తెలుసుకోవాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిందే, ఇంట్లో పెద్దలు గానీ, కాబోయే వియ్యంకులు గానీ కాదు.

తాతయ్య వణుకు, మనవడి చదువు

ఫ్రాజైల్ ఎక్స్ అనే జబ్బుతో మనవడికి బుద్ధి మాంద్యం. అతని తల్లి వాహకురాలు. ఆమె తండ్రికి అరవై దాటాక చేతులు వణుకుతాయి, నడక తూలుతుంది. ముగ్గురినీ కలిపేది ఒకే జన్యువు. అందులో సీజీజీ అనే అక్షరాల వరస 200 దాటితే పిల్లాడి జబ్బు, 55 నుంచి 200 మధ్య ఉంటే తాతయ్య జబ్బు. 2001లో అమెరికాలో హేగర్‌మన్ దంపతుల బృందం ఈ సంగతి బయటపెట్టేదాకా, తాతయ్యది వయసు వల్లనో పార్కిన్సన్ వల్లనో అనుకునేవారు. గుర్తు ఎక్కడంటే, చిన్న మెదడును పాన్స్‌తో కలిపే రెండు లావుపాటి కట్టల్లో తెలుపు. సగానికి పైగా మగ రోగుల్లో కనబడుతుంది. అది కనబడితే తెలివైన న్యూరాలజిస్టు అడిగే మొదటి ప్రశ్న, మీ కూతుళ్ల పిల్లలు ఎలా చదువుతున్నారని.

పాన్స్‌లో సిలువ

పాన్స్‌లో అడ్డంగా పోయే నరాల తంతువులు చచ్చిపోతే అక్కడ తెల్లటి సిలువ గీత పడుతుంది. గుడ్ ఫ్రైడేకి ఇంగ్లండులో చేసే సిలువ బన్ను పేరే దానికి పెట్టారు. ముందు దీన్ని వంశపారంపర్యం కాని ఎంఎస్ఏ అనే జబ్బుకే గుర్తనుకున్నారు. తర్వాత ఎస్‌సీఏ2 వంటి వంశపు జబ్బుల్లోనూ దొరికింది. ఈ ఎస్‌సీఏ2లో మనిషి కళ్లు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు చాలా నెమ్మదిగా కదులుతాయి. నోషిర్ వాడియా అనే బొంబాయి వైద్యుడు తొమ్మిది కుటుంబాల్లో ఈ నెమ్మది చూపును గమనించి 1971లో ప్రచురించారు. అప్పటికి ఎంఆర్ఐ లేదు, జన్యువు దొరకడానికి ఇంకా పాతికేళ్లుంది. ఆయన ముందున్నది రోగి కళ్లు మాత్రమే.

సిలువలాగే చాలా గుర్తులు ఒక జబ్బుకే కట్టుబడి ఉండవు. అడవి పిల్లి చెవి కొసన కుచ్చులా కనబడే లింక్స్ చెవి గుర్తు ఎస్‌పీజీ11 అనే కాళ్ల బిగుతు జబ్బుకు గట్టి ఆనవాలు, కానీ ఎస్‌పీజీ15లోనూ వస్తుంది. బీపీ, షుగరు లేని నలభై అయిదేళ్ల మనిషికి పక్షవాతమొచ్చి, కణత ముందుకొసల్లో తెలుపు కనబడితే కాడాసిల్ అనుమానించాలి. ఇంట్లో ఇంకెవరికైనా చిన్న వయసులో పక్షవాతం, పార్శ్వపు నొప్పి ఉన్నాయా అని అడగాలి. డిఫ్యూజన్ అనే రకం ఎంఆర్ఐ చిత్రంలో బూడిద పదార్థం, తెల్ల పదార్థం కలిసే అంచు వెంట తెల్లటి నాడా పరిచినట్టుంటే ఎన్ఐఐడీ అనుకోవచ్చు. దాని జన్యువు 2019లోనే దొరికింది. చర్మం ముక్క తీసి చూసినా జబ్బు గుర్తులు కనబడతాయి, మెదడు తెరవక్కర్లేదు.

విటమిన్లతో ఆగే జబ్బు

జ్వరమొచ్చిన పిల్లాడు మగతలోకి జారి, ఫిట్స్ వచ్చి, ఒళ్లు బిగుసుకుపోతుంది. స్కానులో కాడేట్, పుటామెన్ రెండు పక్కలా వాచి తెల్లగా ఉంటాయి. చూడగానే మందులేని లీ వ్యాధి అనిపిస్తుంది. కానీ 1998లో సౌదీ అరేబియా వైద్యులు, ఇలాంటి పిల్లల్లో కొందరు బయోటిన్ అనే విటమిన్‌తో లేచి కూర్చున్నారని రాశారు. చెడింది థయమిన్‌ను, అంటే విటమిన్ బి1ను, కణాల్లోకి తీసుకెళ్లే జన్యువని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఆ చిత్రం కనబడితే జన్యు పరీక్ష ఫలితం కోసం ఆగకుండా ముందే రెండు విటమిన్లూ పెద్ద మోతాదులో మొదలెడతారు. నన్నడిగితే ఈ వరసలో ప్రతి రేడియాలజిస్టూ ముందు గుర్తుపెట్టుకోవలసింది ఇదే. ఆలస్యమైన ప్రతి రోజుకూ పిల్లాడు మూల్యం చెల్లిస్తాడు.

ఇంకొకటి సీటీఎక్స్. పసితనంలో తగ్గని విరేచనాలు, బడి వయసులో రెండు కళ్లలో శుక్లాలు, ఇరవైల్లో మడమ వెనక స్నాయువు మీద బుడిపెలు, తర్వాత తూలే నడక. ఒక్కొక్క దానికీ ఒక్కో డాక్టరు వైద్యం చేస్తారు, నాలుగూ కలిపి చూసేవారుండరు. చిన్న మెదడు లోపలి డెంటేట్ కేంద్రకాల్లో తెలుపు కనబడ్డాక కథ మొత్తం ఒక్కటవుతుంది. కీనోడియాక్సీకోలిక్ ఆమ్లం అనే పైత్యరసపు మాత్ర దీనికి దశాబ్దాలుగా వాడుతున్నారు. అమెరికాలో ఈ జబ్బు కోసం అధికారిక అనుమతి వచ్చింది మాత్రం 2025లో.

పెట్ స్కాన్ చెప్పిన ఒక వింత

2002లో స్వీడన్‌లోని ఉప్సలాలో, బతికున్న మనిషి మెదడులోని అమిలాయిడ్ మడ్డిని పెట్ స్కానుతో చూశారు. ఆ మడ్డికి అతుక్కునే మందును తయారుచేసింది అమెరికాలోని పిట్స్‌బర్గ్ శాస్త్రవేత్తలు. కొలంబియాలోని అంతియోకియా ప్రాంతపు కొండల్లో ఒక పెద్ద వంశముంది. అందులో పీఎస్ఈఎన్1 జన్యువు చెడిన వాళ్లకు నలభై నాలుగేళ్ల ప్రాంతంలోనే మతిమరపు మొదలవుతుంది. ఫ్రాన్సిస్కో లోపేరా అనే వైద్యుడు 2024లో చనిపోయేదాకా వాళ్ల వెంటే ఉన్నారు. వాళ్లకు పెట్ స్కాన్ తీస్తే మడ్డి ఇరవై ఎనిమిదేళ్లకే కనబడసాగింది, అంటే మొదటి మాట మరిచిపోవడానికి పదహారేళ్ల ముందు.

అదే వంశంలో ఒకామెకు డెబ్బై దాటేదాకా మతి చెడలేదు. స్కాన్ తీస్తే మడ్డి విపరీతంగా ఉంది, బంధువులందరి కన్నా ఎక్కువ. కానీ నరకణాలను చంపే టౌ అనే రెండో ప్రోటీన్ మాత్రం చాలా తక్కువ. ఆమెకు ఏపీఓఈ జన్యువులో క్రైస్ట్‌చర్చ్ అనే అరుదైన మార్పు తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిందని 2019లో ప్రచురించారు. ఆ మార్పు చేసే పనినే మందుతో చేయించాలని తయారుచేసిన యాంటీబాడీలను ఇప్పటికే ఎలుకల మీద పరీక్షించారు.